కోపిష్టి చేపల తొట్టి – 6వ పాఠం: పాచి తినే తోడును ఎంచుకోవడం

తొట్టిలో పాచి ఎందుకు పడుతుందో పోయిన పాఠంలో చూశాం. లైటు, మేత, నీళ్ల మార్పు ఇంకా సరిచేసుకోకపోతే ముందు ఆ పని చూడండి. పాచి తినే చేప వేసే మలం కూడా పాచికి ఎరువే. అద్దాలు శుభ్రంగా ఉండటానికి అది సాయం చేస్తుందంతే, భారం మొత్తం దాని మీద వేయకూడదు.

ఆస్కార్, టెక్సాస్ లాంటి కోపిష్టి చేపలున్న తొట్టికి తోడు వెతికేటప్పుడు, అది ఎంత పాచి తింటుందన్నది రెండో మాట. అక్కడ బతుకుతుందా అన్నది మొదటి మాట. నేను ఈ వరస తలకిందులు చేసి నష్టపోయాను. నా దగ్గర తొమ్మిది అంగుళాల ఆస్కార్ ఉండేది. "సక్కర్‌ని ఎవరూ ముట్టుకోరన్నా" అని షాపులో చెబితే మూడంగుళాల సక్కర్ (అద్దానికి అతుక్కుని పాచి తినే చేప) పిల్లను తెచ్చి వేశాను. పొద్దున చూస్తే ఆస్కార్ నోరు తెరుచుకుని ఉంది, లోపలి నుంచి సక్కర్ తోక కనిపిస్తోంది. భయపడ్డ సక్కర్ పక్క రెక్కల ముళ్లు విప్పి బిగుసుకుంటుంది. గొంతులో అలా ఇరుక్కుంటే ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఆ రోజు రెండు చేపలూ పోయాయి.

అందుకే పొడవుతో పాటు ముళ్లు విప్పినప్పటి వెడల్పు కూడా చూడండి. పెద్ద చేప నోట్లో ఏ రకంగానూ పట్టకూడదు. ఆస్కార్‌లో సగం పొడవైనా ఉన్న సక్కర్‌ని తీసుకోండి. రెండింటినీ పిల్లలుగా ఉన్నప్పుడే కలిపి పెంచితే ఇంకా మంచిది.

ఇక రకాలు. నాలుగడుగుల తొట్టి ఉన్నవాళ్లకు నేను ముందు చెప్పేది చిన్న రకం సక్కర్ అయిన బ్రిసిల్‌నోస్. ఐదారు అంగుళాల దగ్గర ఆగిపోతుంది, ఒళ్లంతా గట్టి పలకలు, పెద్దయ్యాక కూడా పాచి మానదు. అద్దానికి అతుక్కున్నప్పుడు బయటి నుంచి దాని నోరు గమనించండి. గుండ్రటి పెదవి లోపల సన్నటి పళ్ల వరసలు గీకుతూ కదులుతుంటాయి, అది పోయిన దారిలో అద్దం మీద తేటగా చార పడుతుంది. అయితే అడుగు దాటిన ఆస్కార్ దగ్గర దీన్ని వేయొద్దు, నోట్లో పట్టేస్తుంది. అక్కడ మామూలు సక్కరే నిలుస్తుంది. కానీ అదీ అడుగు దాటి పెరుగుతుంది, పెరిగేకొద్దీ పాచి మీద ఆసక్తి తగ్గుతుంది, చెత్త బాగా చేస్తుంది. అంత ఆస్కార్‌కీ, ఆ సక్కర్‌కీ కలిపి నాలుగడుగుల తొట్టి ఇరుకే.

చైనీస్ ఆల్గే ఈటర్ మాత్రం వద్దు. చిన్నప్పుడు బుద్ధిగా పాచి తింటుంది, పెరిగాక వెడల్పాటి చేపల ఒంటికి అతుక్కుని జిగురు పొర పీలుస్తుంది. ఓటోలు (పాచి తినే బుల్లి చేపలు), రొయ్యలు ఈ తొట్టిలో మేత కిందే లెక్క. నత్తల్ని చాలా సిక్లిడ్‌లు (ఆస్కార్, టెక్సాస్ కుటుంబపు చేపలు) పొడిచి తినేస్తాయి. అదే కుటుంబంలోని ఫ్లవర్‌హార్న్ ఉంటే ఎవర్నీ వేయకండి. దాని తొట్టిలో చాలామంది రాళ్ల ఉప్పు కూడా వేస్తారు, అది ఎక్కువైతే సక్కర్ తట్టుకోలేదు. అక్కడ వారానికోసారి స్క్రబ్బర్‌తో అద్దం మీరే రుద్దండి.

షాపులో చేపను అద్దానికి అతుక్కున్నప్పుడు కింది నుంచి చూడండి. పొట్ట లోపలికి పోయి ఉంటే, కళ్లు గుంటలు పడి ఉంటే తీసుకోకండి. అది చాలా రోజులుగా పస్తులుంటోంది.

ఇంటికి తెచ్చాక వేసే పద్ధతి. హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపు ముక్క కోయించండి, చేప దూరేంత వెడల్పు చాలు. లోపలికి దూరి ముళ్లు విప్పితే దాన్ని ఎవరూ లాగలేరు. సాయంత్రం పాత చేపలకు కడుపునిండా మేత వేసి, రాళ్ల స్థానాలు మార్చి, లైటు ఆర్పాక కొత్తదాన్ని వదలండి. రాళ్లు మారితే పాత చేప "ఇది నా చోటు" అనే పట్టు కొంత వదులుతుంది. మొదటి మూడు రోజులు రెక్కలు గమనించండి. అంచులు చిరిగితే రోజులు లెక్కపెట్టకుండా వెంటనే బయటికి తీయండి.

దానికి మేత కూడా వేయాలి, ఇది చాలామంది మరిచిపోతారు. ఆకలితో ఉన్న సక్కర్ రాత్రిపూట పక్క చేప ఒంటిని గీకుతుంది. కీరా ముక్కను రెండు నిమిషాలు వేడినీళ్లలో ఉంచి, చల్లారాక స్టీలు చెంచాకు గుచ్చి అడుగున వదలండి. మిగిలింది పొద్దున్నే తీసేయండి, లేకపోతే నీళ్లు పాడవుతాయి.

మన హైదరాబాద్ ఎండాకాలంలో ఇంకో జాగ్రత్త. మేలో ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు కాగిపోతుంటాయి, నేరుగా పోయకండి. ముందు రోజు రాత్రే బకెట్లలో పట్టి చల్లారనివ్వండి. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి పంపు ఆపకూడదు.

సక్కర్ మరీ పెద్దదైతే షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి. చెరువులోనో, మూసీలోనో వదలకండి. ఇలా వదిలిన సక్కర్లు ఇప్పటికే మన చెరువుల్లో, కాలువల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. రాత్రి లైటు ఆర్పిన గంటకు చిన్న టార్చి వేసి, మీ పెద్ద చేప ఎక్కడ పడుకుంటోందో మూడు రోజులు రాసుకోండి. పైపును ఆ చోటికి దూరంగా ఎలా అమర్చాలో 7వ పాఠంలో ఆ రాతను బట్టే చూస్తాం.