రిసీవర్ ట్యూబులో వాక్యూమ్ ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

ట్రఫ్ ప్లాంటంటే తొట్టిలా వంగిన అద్దాలతో ఎండను రిసీవర్ ట్యూబు మీదికి మళ్లించి, అందులో పారే నూనెను వేడిచేసే సోలార్ ప్లాంటు. అందులో కొత్తగా చేరిన కుర్రాళ్ల కళ్లన్నీ అద్దాల మీదే ఉంటాయి. అద్దం పగిలితే ఎవరికైనా తెలుస్తుంది. రిసీవర్ ట్యూబు పాడైతే అలా కాదు, పైకి బాగానే కనిపిస్తూ వేడినంతా గాలికి వదిలేస్తుంది. మా అనంతపురం జిల్లాలోనూ ఈ రకం 50 మెగావాట్ల ప్లాంటు ఉంది కాబట్టి, పనికొచ్చే సంగతులు తెలుగులో రాస్తున్నాను.

ట్యూబంటే 70 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం, నాలుగు మీటర్ల పొడవు. చుట్టూ గాజు, మధ్యలో వాక్యూమ్. ఫ్లాస్కు లాంటిదే అనుకోండి. నూనె 390 డిగ్రీలకు చేరేసరికి స్టీలు రెండు సెంటీమీటర్ల పైనే సాగుతుంది, గాజు అంత సాగదు. అందుకే రెండు చివర్లా బెల్లోస్, అంటే సాగి ముడుచుకునే ముడతల లోహపు జాయింట్లు, పెడతారు.

పొద్దున్నే, కలెక్టర్లు (అద్దాల వరుసలు) ఎండను ట్యూబు మీదికి ఫోకస్ చేయకముందే లైను వెంట నడవండి. ఫోకస్‌లో ఉన్నప్పుడు దగ్గరికి పోవద్దు, ఇందులో మొహమాటం లేదు. గాజు లోపలివైపు, గాలి చొరబడితే తెలియడానికి పూసిన బేరియం లోహపు మచ్చ కనిపిస్తుంది. వెండిలా మెరుస్తుంటే గాలి చొరబడలేదు. తెల్లబడిందంటే చొరబడినట్టే.

ఆ తర్వాత, నూనె వేడిగా ఉన్నప్పుడు, దూరం నుంచి థర్మల్ కెమెరా పట్టండి. కెమెరాలో ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంతగా వెదజల్లుతుందో చెప్పే అంకె) 0.9 దగ్గర పెట్టి గాజు మధ్యభాగం చూడాలి. బెల్లోస్ మీది మెరిసే కవరును చూస్తే రీడింగు తప్పొస్తుంది. మంచి ట్యూబుకు గాజు వంద డిగ్రీలకు బాగా కిందే ఉంటుంది. లూపులో, అంటే నూనె వరసగా పారే ట్యూబుల వరుసలో, ముందుకు పోయేకొద్దీ నూనె వేడి పెరుగుతుంది కాబట్టి, పక్క ట్యూబుతోనే పోల్చండి.

మచ్చ మెరుస్తూనే ఉంది, గాజు మాత్రం వంద దాటింది. అప్పుడు హైడ్రోజన్‌ను అనుమానించాలి. వేడికి నూనె విడిపోయి పుట్టిన హైడ్రోజన్ స్టీలులోంచే వాక్యూమ్‌లోకి దూరిపోతుంది. వేడిని మోయడంలో అది గాలికి దాదాపు ఏడు రెట్లు. ఇక్కడే చాలామంది తొందరపడి 'ట్యూబు మార్చాలి' అని రాసేస్తారు. నూనెలో హైడ్రోజన్ తగ్గించకపోతే కొత్త ట్యూబుకూ అదే గతి. పైగా మార్చాలంటే లూపు ఖాళీ చేసి, కోసి, వెల్డింగ్ చేయాలి. షట్‌డౌన్ దాకా ఆగాల్సిందే.

అందాకా రిజిస్టర్లో లూపు నంబరు, ట్యూబు నంబరు, మచ్చ రంగు, గాజు వేడి, నూనె వేడి, గాలి వేగం రాసిపెట్టండి. గాలి వేగం మాత్రం మరవొద్దు టెక్నీషియన్ గారూ, ఈదురుగాలిలో చెడ్డ ట్యూబు కూడా చల్లగానే కనిపిస్తుంది.