స్టీల్‌హెడ్ వేట, 4వ పాఠం: వరద తీసే వేళ

కిందటి పాఠంలో బెండు కట్టడం, దాని కింద సీసం గుండ్లు సర్దడం చూశాం. అది చదివి మా తోడల్లుడు శనివారం జోరువానలో ఇక్కడ, అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న స్కైకోమిష్ నదికి వెళ్లాడు. ఎనిమిది గంటలు ఒడ్డున నిలబడి, జలుబు తెచ్చుకుని ఇంటికొచ్చాడు. తప్పు నాదే. గాలం ఎలా వేయాలో చెప్పాను గానీ ఎప్పుడు వెళ్లాలో చెప్పలేదు.

గోదావరి జిల్లాలవాళ్లకి ఈ చేప గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, ఎర్రనీరు రాగానే గోదావరికి ఎదురీదితే పులస. స్టీల్‌హెడ్ కథా అలాంటిదే. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వెనక్కొచ్చే రెయిన్‌బో ట్రౌట్ ఇది. ఇక్కడి సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతుంది, స్టీల్‌హెడ్‌లో మాత్రం కొన్ని బతికి మళ్లీ సముద్రానికి పోతాయి. నీరు పెరగడమే వీటికి కబురు. పెరిగినప్పుడు కదులుతాయి, తగ్గేటప్పుడు అక్కడక్కడ ఆగుతాయి. ఆ ఆగినప్పుడే మన పని.

ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సింది. గోల్డ్ బార్ ఊరి దగ్గర స్కైకోమిష్ మీద అమెరికా జియలాజికల్ సర్వేవాళ్ల గేజి ఉంది. ప్రవాహం ఎంతో 15 నిమిషాలకోసారి లెక్క ఇస్తుంది. అందులో సీఎఫ్ఎస్ అని రాసేది మన క్యూసెక్కే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక అని పేపర్లో చదువుతూ పెరిగినవాళ్లకి ఇక్కడి 3,000 చూస్తే నవ్వొస్తుంది. నవ్వకండి. ఇది కొండ నది. వాలెక్కువ, అడుగున పుచ్చకాయలంత రాళ్లు.

అంకె కన్నా ఆ గేజి గ్రాఫులో గీత ముఖ్యం. గీత పైకెక్కుతుంటే ఇంట్లో ఉండండి. ఆ నీళ్లలో ఆకులు, కొమ్మలు, ఒక్కోసారి మానుకి మానే కొట్టుకొస్తుంది. గీత శిఖరం దాటి దిగుతోందా, బూట్లు వెతుక్కోండి. 12,000 దాకా ఎగిరిన నీరు మూడోనాటికి 5,000కి దిగుతూ ఉందంటే నేను ఆఫీసుకి సెలవు పెట్టేస్తాను.

వాన ఎంత పడుతుందన్నది కూడా అసలు ప్రశ్న కాదు. మంచు ఏ ఎత్తు నుంచి పడుతుందో చూడాలి. ఎగువన స్టీవెన్స్ కనుమ సుమారు 4,000 అడుగుల ఎత్తులో ఉంది. మంచు పడే ఎత్తు 2,000 అడుగులైతే కొండల మీద పడ్డదంతా అక్కడే పేరుకుంటుంది. కింద మీరు తడిసి ముద్దయినా నది పెద్దగా కదలదు. హవాయి వైపు నుంచి వెచ్చటి తేమ వచ్చి అదే 7,000కి ఎక్కిందంటే వాననీరూ కరిగిన మంచూ కలిసి ఒక్క రాత్రిలో దిగుతాయి. ఇక్కడివాళ్లు దీన్ని పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు.

ఒడ్డుకి చేరాక రంగు చూడండి. పాలెక్కువైన టీలా ఉంటే కారు తిప్పేయండి. గోళీసోడా సీసా రంగులో ఉంటే కోటు తొడుక్కోండి. అనుమానంగా ఉంటే మోకాలి లోతు దిగి కిందికి చూడండి. బూటు ముక్కు మసగ్గా కనిపిస్తే చాలు. రాళ్ల మీద గీతలు కూడా కనిపిస్తున్నాయంటే చేపకి మీరూ కనిపిస్తున్నారు. ఒలింపిక్ ద్వీపకల్పంలోని హో నదికి హిమానీనదాలు నూరిన బూడిదరంగు రాతిపిండి కలుస్తుంది కాబట్టి అది తేటపడటానికి ఓపిక పట్టాలి.

ఇప్పుడు ఎక్కడ వేయాలి? నడిమధ్యకి విసరాలని చెయ్యి లాగుతుంది. లాగనివ్వకండి. పెద్ద నీటిలో మధ్యన ఈదడం చేపకీ కష్టమే, అందుకే ఒడ్డు పట్టుకుని వస్తుంది. వంపు లోపలి వైపు చూడండి. ఉరికే నీరు, నిదానపు నీరు ఒరుసుకునే చోట నురగతో ఒక గీత కనిపిస్తుంది. అందులో ఒక నురగ చుక్కని చూసుకుని ఒడ్డున దాని పక్కనే నడవండి. మామూలు నడకతో అందుకోగలిగితే స్టీల్‌హెడ్ ఉండే చోటు అది. పరుగెత్తాల్సి వస్తే వదిలేయండి. చుక్క ఒక్కచోటే గుండ్రంగా తిరుగుతుంటే, అక్టోబరు, నవంబరుల్లో అయితే కోహో సాల్మన్‌కి ప్రయత్నించవచ్చు.

మొదటి పది విసుర్లు నీళ్లలో అడుగు పెట్టకుండా వేయాలి. ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. నా మొదటి చలికాలంలో కారు దిగినవాణ్ని దిగినట్టే తొడ లోతుకి నడిచాను. నా కాళ్ల పక్కనుంచే చెయ్యంత పొడుగు నీడ ఒకటి జారిపోయింది. దాన్ని చూస్తూ వెనక్కి తిరగబోయి నాచు రాయి మీద కాలేశాను. నడుముకి బెల్టు బిగించలేదు, వేడర్ (నీళ్లలో దిగడానికి తొడుక్కునే, తడి చొరని పొడుగు ప్యాంటు) నిండా నీళ్లు. ఆ నీళ్లు మనల్ని ముంచవు గానీ, ఒడ్డెక్కేటప్పుడు లేవనివ్వవు. రాడ్డు పోయింది, ఫోను పోయింది, అరగంట దాకా పళ్లు టకటకలాడాయి. కాబట్టి బెల్టు బిగించండి, ఊతకర్ర పట్టుకోండి. పడితే నిలబడాలని చూడకుండా వెల్లకిలా తేలి, పాదాలు దిగువకి పెట్టి, ఒడ్డు వైపు చేతులు వేయండి.

మసక నీటికి ఎర కాస్త పెద్దదిగా, గులాబీ లేదా నారింజ రంగులో ఉండాలి. చేప జన అయితే మరీ మంచిది. ఎర నది నేలకి ఒక అడుగు పైన నడవాలి. బెండు ఆగి ఆగి వణుకుతుంటే ఎర రాళ్లకి తగులుతున్నట్టే, బెండు కింద దారం అరడుగు తగ్గించండి. చల్లటి నీటిలో చేప బద్ధకంగా ఉంటుంది. బెండు గుటుక్కున మునుగుతుందని ఎదురుచూడకండి, ఒక్కోసారి నడుస్తున్నది ఊరికే నిలబడిపోతుంది, అంతే. అప్పుడే రాడ్డు ఎత్తాలి.

రూల్సు సంగతి క్లుప్తంగా. సీజన్లు ఉన్నట్టుండి మూసేస్తారు, బయల్దేరే రోజు పొద్దున్నే రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ప్రకటన చూసుకోండి. పుజెట్ సౌండ్ (ఈ నది నీళ్లు చివరికి చేరే సముద్రపు పాయ) స్టీల్‌హెడ్ 2007 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. వీపు మీద, తోకకి ముందుండే చిన్న రెక్క కోసేసి ఉంటే అది హ్యాచరీ చేప. రెక్క ఉంటే అడవి చేప, వదిలేయాలి. ఫొటో కోసమైనా నీళ్లలోంచి పూర్తిగా పైకెత్తకూడదు.

ఈ వారం ఇంటిపని: ఏడు రోజులు పొద్దునా సాయంత్రం గోల్డ్ బార్ లెక్కా, మంచు పడే ఎత్తూ పక్కపక్కనే నోటుపుస్తకంలో రాయండి. శనివారం గీత పైకి చూస్తుంటే ఇంట్లోనే కూర్చుని దారం ముక్కతో ముడులు సాధన చేయండి. జన జారిపోకుండా గాలానికి కట్టే ముడి వచ్చే పాఠంలో.