కరెంటొచ్చినా ప్రింటర్ ‘ఆఫ్‌లైన్’ అంటుంటే ఏం చేయాలి?

అమలాపురమైనా, భీమవరమైనా ఈదురుగాలికి కరెంటు పోయి వచ్చిందంటే ఆఫీసుల్లో వినిపించే మాట ఒకటే: “ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోందండీ.” రైస్ మిల్లు బిల్లులు, రొయ్యల కాటా చీటీలు ఎక్కడివక్కడే ఆగిపోతాయి. చాలాసార్లు మెషిన్‌కి ఏమీ అయి ఉండదు. కరెంటు రాగానే రౌటర్ మళ్లీ మొదలై ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) ఇచ్చేసి ఉంటుంది. కంప్యూటర్ మాత్రం పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంటుంది.

1. ముందు ప్రింట్ బటన్ పదేపదే నొక్కడం ఆపండి. లైను కలిసిన క్షణాన అవన్నీ వరసపెట్టి వచ్చేస్తాయి.

2. ప్రింటర్ దగ్గరికెళ్లి, మెనూలోంచి నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ పేజీ తీయండి. అది శుభ్రంగా వచ్చిందంటే మెషిన్ బాగున్నట్టే. అందులో ఐపీ అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. కేబుల్ ఊడిందేమో, నెట్‌వర్క్ స్విచ్‌లో (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) లైటు వెలుగుతోందో లేదో చూసుకోండి. వైఫై ప్రింటరైతే ఇంకో సంగతి: చాలా మోడళ్లు 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌నే పట్టుకుంటాయి, 5 గిగాహెర్ట్జ్‌ది కాదు. గెస్ట్ వైఫైలో చేరినా మిగతా సిస్టమ్‌లకు సాధారణంగా కనిపించవు.

3. అడ్రస్ 192.168.1.35 లాంటిదైతే, విండోస్ కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి పింగ్ (ping) అని ఇంగ్లిషులో కొట్టి, కాస్త ఖాళీ వదిలి ఆ అంకెలు కొట్టండి. ప్రింటర్ అడ్రస్ నుంచే రిప్లై రావాలి. ‘అన్‌రీచబుల్’ అని వస్తే, ముందు రిప్లై అని కనబడినా మోసపోకండి, ప్రింటర్ అందలేదనే అర్థం.

4. రిప్లై వస్తోందా? సెట్టింగ్స్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ ట్యాబ్‌కి వెళ్లండి. టిక్ ఉన్నచోట పాత అడ్రస్సో, డబ్ల్యూఎస్‌డీ (విండోస్ తనంతట తాను ప్రింటర్‌ని వెతికి పెట్టుకునే పోర్ట్) అనో ఉంటే యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని కొత్త అడ్రస్ ఇవ్వండి. అడ్రస్ సరిగ్గానే ఉన్నా ఆఫ్‌లైన్ అంటుంటే, కాన్ఫిగర్ పోర్ట్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ (ప్రింటర్ స్థితిని కంప్యూటర్ అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసేసి చూడండి.

5. ఇంతవరకూ చేసింది ఈ పూటకే. మళ్లీ కరెంటు పోతే కథ మొదటికొస్తుంది కాబట్టి రౌటర్ పేజీలోకి లాగిన్ అయి, డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే పని) విభాగంలో ప్రింటర్‌కి ఒకే అడ్రస్ దక్కేలా అడ్రస్ రిజర్వేషన్ పెట్టండి. దానికి కావలసిన ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (మెషిన్‌కి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) మీరు తీసిన పేజీలోనే ఉంటుంది. ఇక ఆ అంకెలు మారవు. రౌటర్‌నీ స్విచ్‌నీ యూపీఎస్ మీద పెట్టండి. లేజర్ ప్రింటర్‌ని మాత్రం చిన్న యూపీఎస్‌కి తగిలించకండి: లోపల ఇంకు పొడిని కాయితానికి అంటించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, యూపీఎస్ తట్టుకోలేదు.

6. క్యూలో ఇరుక్కున్న ఫైలు డిలీట్ కాకపోతే, విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్లను వరసలో పెట్టి పంపే ప్రోగ్రాం) స్టాప్ చేయండి. సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ వరసగా తెరిచి లోపలి ఫైళ్లు తీసేయండి, ఫోల్డర్‌ని కాదు. తర్వాత స్టార్ట్ చేయండి. ఆ సిస్టమ్ నుంచి ప్రింట్ ఇచ్చినవాళ్లందరివీ పోతాయి, ముందే ఓ కేక వేయడం మర్యాద.

7. ఒక కంప్యూటర్‌కి తగిలించి మిగతావాళ్లు పంచుకునే ప్రింటర్లలో 11బీతో ముగిసే ఎర్రర్ వస్తుంటుంది. 2021 సెప్టెంబరు విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ తర్వాత మొదలైన తలనొప్పి ఇది. రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. అది రక్షణ తీసేయడమే. అన్ని సిస్టమ్‌లూ అప్‌డేట్ చేయండి. ప్రింటర్‌కి నెట్‌వర్క్ పోర్టుంటే నేరుగా స్విచ్‌కే కలపండి, ఈ గొడవే ఉండదు.

8. అన్నీ సరిగ్గా ఉన్నా వానాకాలంలో కాయితాలు ఇరుక్కుంటుంటే నెట్‌వర్క్‌ని తిట్టకండి, అది చెమ్మ. ట్రేలోకి కావలసినన్నే తీసి, మిగతావి రీమ్ కవర్లోనే మూసి ఉంచండి.