వానలు పడకముందే కంప్రెసర్ ట్యాంకు అడుగు చూడండి

గాలిని కుదించి ట్యాంకులో నింపే పిస్టన్ కంప్రెసర్ వానాకాలంలో గాలితోపాటు నీళ్లనూ మింగుతుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 7 బార్‌ ఒత్తిడికి కుదించి చల్లారనిస్తే అందులో నిలిచేది 4 గ్రాములే. మిగతాదంతా నీరై, కుదింపు దశల మధ్య గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌లోకి, ట్యాంకులోకి దిగుతుంది. నిమిషానికి ఒక ఘనమీటరు లాగే మెషీనైతే 8 గంటల షిఫ్టులో దాదాపు 10 లీటర్లు! పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున రేకు మాత్రం లోపలినుంచి పలచబడుతుంది.

అందుకే ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ వాల్వు రోజూ తిప్పాలి. వానల్లో షిఫ్టుకు రెండుసార్లు తిప్పడం మేలు. గోధుమరంగు నీళ్లు, ఆ తర్వాత నురగ పోయి, ఒట్టి గాలి వచ్చేదాకా వదలండి. వాల్వు తిప్పినా ఏమీ రాకపోతే నీళ్లు లేవనుకోవద్దు, తుప్పు బురద దారి మూసేసి ఉండొచ్చు. ఒత్తిడి ఉండగా దాన్ని విప్పొద్దు, తీగతో పొడవొద్దు.

విప్పే ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయండి. తాళంచెవి పనిచేసే మనిషి జేబులోనే ఉండాలి. ఎందుకంటే ట్యాంకులో గాలి తగ్గగానే ప్రెషర్ స్విచ్ మోటారును దానంతటదే నడిపిస్తుంది, అప్పటికి మీ చెయ్యి బెల్టు దగ్గర ఉండొచ్చు. వేరే కంప్రెసర్ కూడా అదే లైనుకు కలిసి ఉంటే మధ్య వాల్వు కట్టేయండి. గేజి సున్నా చూపిస్తోందని నమ్మకండి, దాని సన్నటి గొట్టమూ మూసుకుపోతుంది. డ్రెయిన్ పూర్తిగా తెరిచి, గాలి పోయిందని చూసుకున్నాకే నట్టు మీద పానా పెట్టండి. 20 సెంటీమీటర్ల మూత వెనక ఒక్క బార్ మిగిలినా 300 కిలోల పైచిలుకు తోపుడు ఉంటుంది.

కుదించిన గాలిని సిలిండర్ నుంచి బయటికి వదిలే డెలివరీ వాల్వు మీద మసి కూడా గీకేయించండి. వాల్వు కారితే వేడిగాలి వెనక్కొచ్చి మళ్లీ మళ్లీ నలుగుతుంది, ఆ వేడికి ఆయిల్ మసికి నిప్పంటుకోవచ్చు. గాలి ఫిల్టరును పెట్రోలుతో మాత్రం కడగొద్దు.

వాక్యూమ్ పంపుకైతే పీల్చే వైపు నీళ్లు ఆగే కుండ తప్పనిసరి. నీరు కుదించుకోదు. గుక్కెడు సిలిండర్లోకి వెళ్లినా వాల్వు ప్లేటు విరుగుతుంది.

ట్యాంకు అతుకు దగ్గర చెమ్మ కనిపిస్తే పైన మాసిక వేసి నడపకండి. మెషీను ఆపి, రేకు మందం కొలిపించి, నీళ్లతో ప్రెషర్ టెస్టు చేయించండి. గాలితో వద్దు.