వయసు పేరుతో అన్యాయం జరిగినప్పుడు అప్పీలు: బెంగళూరులోని ప్రభుత్వోద్యోగులకు సమస్య - పరిష్కారం

యలహంక రైల్వే కర్మాగారంలోనో, అంతరిక్ష శాఖలోనో, రక్షణ పరిశోధన కేంద్రాల్లోనో, తపాలా శాఖలోనో పాతికేళ్లకు పైగా పనిచేసిన తెలుగువారు యాభై దాటాక తరచుగా చెప్పే మాట ఒకటే: "నా వయసు చూసి పక్కన పెట్టారు." ఆ బాధ నిజమే కావచ్చు గానీ, దాన్ని ఆ మాటల్లోనే కాగితం మీద పెడితే కేసు నిలవడం కష్టం. ఉద్యోగంలో వయోవివక్షను నిషేధించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగంలోని 16(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, వంశం, జన్మస్థలం, నివాసం అనే కారణాలను పేర్కొన్నదే తప్ప వయసును పేర్కొనలేదు. అందువల్ల మనకు మిగిలిన ఆధారాలు రెండే. మొదటిది, 14, 16(1) అధికరణాల కింద నిర్ణయం ఏకపక్షంగా ఉందని చూపడం. రెండవది, ఏ నియమం ప్రకారం ఆ నిర్ణయం తీసుకున్నారో ఆ నియమాన్నే వారు ఎక్కడ తప్పారో చూపడం. ఆచరణలో ఎక్కువ కేసులు నిలిచేది రెండవదాని మీదే.

సమస్య: దరఖాస్తు "ఇది మా పరిధి కాదు" అని తిరిగి వచ్చింది.

కారణం దాదాపు ఎప్పుడూ యజమాని ఎవరన్నది సరిగా గుర్తించకపోవడమే. కేంద్ర ప్రభుత్వ పౌర ఉద్యోగులు 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టం కింద ఇందిరానగర్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్ (క్యాట్) బెంచ్‌కు వెళ్లాలి. కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగులకు రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ వేరుగా ఉంది. సైనికులకు క్యాట్ వర్తించదు. ప్రభుత్వ రంగ సంస్థల వారు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ చట్టంలోని 14(2) సెక్షన్ కింద తమ సంస్థను నోటిఫై చేసి ఉంటేనే, ఉదాహరణకు బీఎస్ఎన్ఎల్ లాగా, క్యాట్‌కు వెళ్లగలరు. లేకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. మరొక మాట: పదవీ విరమణ చేసినవారు, తొలగింపునకు గురైనవారు తాము సాధారణంగా నివసించే చోటి బెంచ్‌లోనే దరఖాస్తు వేసుకోవచ్చునని 1987 నాటి ప్రొసీజర్ నియమాల్లోని 6వ నియమం చెబుతోంది. ఉద్యోగం ముగిశాక అనంతపురమో హిందూపురమో వెళ్లి స్థిరపడినవారు వాయిదా వాయిదాకూ బెంగళూరు రానక్కర లేదు, హైదరాబాదు బెంచ్‌ను ఆశ్రయించవచ్చు.

సమస్య: 50 లేదా 55 ఏళ్లు దాటాక "ప్రజాప్రయోజనం దృష్ట్యా" ఇంటికి పంపుతూ ఉత్తర్వు వచ్చింది.

కారణం ఎఫ్.ఆర్. (ఫండమెంటల్ రూల్స్, అంటే కేంద్ర ఉద్యోగుల మూల సర్వీసు నియమాలు) 56(జె). గ్రూప్ ఎ లేదా బి ఉద్యోగిగా ఉండి, 35 ఏళ్లలోపు సర్వీసులో చేరినవారిని 50 ఏళ్లు నిండాక, మిగిలిన సందర్భాల్లో 55 నిండాక, మూడు నెలల నోటీసు ఇచ్చి గానీ, దానికి బదులు మూడు నెలల జీతభత్యాలు చెల్లించి గానీ ముందుగా రిటైర్ చేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఇక్కడ వయసు సమీక్షకు సమయం ఎప్పుడన్నది మాత్రమే నిర్ణయిస్తుంది. రిటైర్ చేయడానికి కారణం వయసు కాకూడదు, నిజాయతీపై సందేహమో పనిలో అసమర్థతో అయి ఉండాలి. మన వాదనంతా ఈ తేడా మీదనే నడవాలి.

అన్నింటికంటే ముందు ఉత్తర్వు అడుగున ఏ నియమం ఉదహరించారో చదవాలి. కేంద్ర ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన సీసీఎస్ (సీసీఏ) నియమాల్లోని 11వ నియమం కింద శిక్షగా విధించే నిర్బంధ పదవీ విరమణ వేరు. దానికి విచారణ జరిగి ఉండాలి, అప్పీలు గడువు 45 రోజులు. 56(జె) కింద వచ్చినదైతే ఉత్తర్వు అందిన నాటి నుంచి మూడు వారాల్లోపు రిప్రజెంటేషన్ (శాఖకే ఇచ్చే వినతిపత్రం) ఇవ్వాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకుని, 45 రోజులు ఉన్నాయి కదా అని నిదానంగా కూర్చుని మూడు వారాలను పోగొట్టుకున్నవారిని నేను ఒకరికంటే ఎక్కువ మందినే చూశాను.

రిప్రజెంటేషన్‌లో ఏమి రాయాలి? "నన్ను ముందుగా పిలిచి అడగలేదు" అన్న వాదన ఇక్కడ పనికిరాదు. ఇది శిక్ష కాదు కనుక ముందస్తు విచారణ అవసరం లేదని సుప్రీంకోర్టు 1992లో బైకుంఠనాథ్ దాస్ కేసులో తేల్చింది. అదే తీర్పు మూడు తలుపులు తెరిచి ఉంచింది: దురుద్దేశంతో ఉత్తర్వు ఇచ్చారని, దానికి ఎటువంటి ఆధారమూ లేదని, ఆ రికార్డు చూసిన వివేకవంతుడెవరూ ఆ నిర్ణయానికి రాలేడని చూపగలిగితే కోర్టు జోక్యం చేసుకుంటుంది. వీటికి తోడు సిబ్బంది శాఖ 2020 ఆగస్టు 28న ఇచ్చిన సూచనలను దగ్గర పెట్టుకోవాలి. మొత్తం సర్వీసు రికార్డును పరిశీలించాలని, సాధారణంగా ఏడాదిలోపు ఎలాగూ రిటైర్ అయ్యేవారిని అసమర్థత పేరుతో పంపకూడదని, గత అయిదేళ్ల పని సంతృప్తికరంగా ఉన్నా, ఆ అయిదేళ్లలో పదోన్నతి పొంది ఆ పదవిలో సంతృప్తికరంగా పనిచేసినా సాధారణంగా పంపకూడదని అందులో ఉంది. ప్రతికూల వ్యాఖ్యలు ఉన్నప్పటికీ ఆ తర్వాత పదోన్నతి ఇచ్చారంటే అది ఉద్యోగికి అనుకూలించే అంశమని, శాఖాపరమైన విచారణను తప్పించుకునే అడ్డదారిగా ఈ అధికారాన్ని వాడకూడదని 2001లో ఉమేద్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వార్షిక నివేదికల నకళ్లు, సమీక్షా సంఘం నోటింగులు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగాలి. అయితే జవాబుకు 30 రోజులు పడుతుంది, మన గడువు మూడు వారాలే. కనుక చేతిలో ఉన్న ఆధారాలతో రిప్రజెంటేషన్ ముందు ఇచ్చేసి, "అదనపు ఆధారాలు అందగానే సమర్పిస్తాను" అని అందులోనే రాసుకోవడం మంచిది.

సమస్య: పుట్టిన తేదీ తప్పుగా ఉన్నందున ముందే రిటైర్ చేస్తున్నారు.

ఇక్కడ తేదీని మార్చాలని అడుగుతున్నది ఎవరన్నదే అసలు ప్రశ్న. అడుగుతున్నది ఉద్యోగి అయితే, సర్వీసులో చేరిన అయిదేళ్లలోపే అడిగి ఉండాలని, పొరపాటు నిజమైనదై ఉండాలని ఎఫ్.ఆర్. 56 కింది నోట్ చెబుతోంది. 1993లో హర్నామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గడువును గట్టిగా నిలబెట్టింది. కర్ణాటక రాష్ట్ర ఉద్యోగులకు 1974 నాటి చట్టం ప్రకారం, సర్వీస్ రిజిస్టర్‌లో తేదీ నమోదైన నాటి నుంచి మూడేళ్లే గడువు. రిటైర్‌మెంట్ ముంగిట ఎంత బలమైన జనన ధ్రువపత్రం దొరికినా దిద్దుబాటును హక్కుగా కోరలేరని 2021లో కర్ణాటకకే చెందిన నటరాజ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఈ స్థితిలో ఉన్నవారికి నేను ఇచ్చే సలహా, వకీలు ఫీజు మిగుల్చుకోమనే.

కార్యాలయమే తనంతట తాను తేదీ మార్చి రిటైర్ చేస్తే కథ పూర్తిగా వేరు. ఒడిశాలో వైద్యురాలిగా పనిచేసిన బీణాపాణి దేయి పుట్టిన తేదీని ప్రభుత్వం మార్చి రిటైర్ చేసినప్పుడు, ఆమెకు సరైన అవకాశం ఇవ్వకుండా చేసిన ఆ నిర్ణయం చెల్లదని సుప్రీంకోర్టు 1967లోనే తీర్పు ఇచ్చింది. ఇటువంటి ఉత్తర్వు చేతికి వస్తే ఆలస్యం చేయకుండా, రిటైర్‌మెంట్ తేదీ రాకముందే పరిపాలనా ట్రిబ్యునళ్ల చట్టంలోని 24వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కోరుతూ క్యాట్‌కు వెళ్లాలి.

సమస్య: "ఇంకా రెండేళ్లే కదా సర్వీసు" అంటూ పదోన్నతి ఇవ్వలేదు.

ఈ మాట ఫైలులో దాదాపు ఎప్పుడూ ఉండదు, నోటి మాటగానే ఉంటుంది. ఫైలులో కనిపించేది వార్షిక పనితీరు నివేదికలో తగ్గిన గ్రేడింగ్. 2008లో దేవ్‌దత్ కేసు నుంచి ప్రతి ఎంట్రీనీ ఉద్యోగికి తెలియజేయాలన్నది స్థిరపడింది. నివేదిక చేతికి అందిన 15 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే పదోన్నతి సంఘం ముందు అదే ఖాయమవుతుంది. తెలియజేయని గ్రేడింగ్ ఆధారంగా పక్కన పెట్టారంటే అదే మీ కేసు, వయసు గురించి రాయనవసరం లేదు. డెప్యుటేషన్‌కు (వేరే శాఖకు తాత్కాలికంగా వెళ్లడానికి) 56 ఏళ్ల పరిమితి వల్ల దరఖాస్తు తిరస్కరించి ఉంటే, వయసును దరఖాస్తుల చివరి తేదీ నాటికి లెక్కించారా లేదా అన్నది ఒక్కటే చూసుకోవాలి.

సమస్య: రిప్రజెంటేషన్‌కు జవాబే రాలేదు, ఇప్పుడు వెళితే కాలపరిమితి దాటిందంటున్నారు.

కారణం గుర్తుచేసే లేఖలు. మా సంఘం సభ్యుడొకరు నాలుగేళ్లలో ఏడు రిమైండర్లు రాసి, ప్రతి ఒక్కదానికీ రసీదు భద్రంగా దాచుకున్నారు. ఏడు రసీదులూ కలిసి ఆయన ఆలస్యానికి సాక్ష్యమయ్యాయి. మళ్లీమళ్లీ రాసిన వినతులు గడువును పొడిగించవని 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులోనే తేలింది. లెక్క ఇలా వేసుకోవాలి: 2025 జనవరి 10న రిప్రజెంటేషన్ ఇచ్చి జవాబు రాకపోతే, జూలై 10 వరకు ఆరు నెలలు ఆగాలి, ఆ రోజు నుంచి ఏడాదిలోపు, అంటే 2026 జూలై 10 లోపు, దరఖాస్తు వేయాలి. మధ్యలో తిరస్కరణ వస్తే ఆ తేదీ నుంచి ఏడాది. ఇప్పటికే దాటిపోతే 21(3) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని వేరుగా అర్జీ జతపరచాలి. అందులో ఆసుపత్రి కాగితాల వంటి రుజువులు ఉండాలి తప్ప "అధికారులు చేస్తామన్నారు" అనే మాట చాలదు.

సమస్య: రిజిస్ట్రీ అభ్యంతరాలతో వెనక్కి ఇచ్చింది, లేదా క్యాట్ కేసు కొట్టివేసింది.

మొదటిదానికి కారణం పాత కోపాలన్నింటినీ ఒకే దరఖాస్తులో కుక్కడం. ఒక దరఖాస్తుకు ఒకే వ్యాజ్య కారణం ఉండాలని ప్రొసీజర్ నియమాల్లోని 10వ నియమం చెబుతుంది. బదిలీని, గ్రేడింగ్‌ను, రిటైర్‌మెంట్‌ను విడదీసి, సవాలు చేస్తున్న ఉత్తర్వు నకలు జతచేసి మళ్లీ వేయాలి. దరఖాస్తు రుసుము 50 రూపాయలు, వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవడానికి ట్రిబ్యునళ్ల చట్టంలోని 23వ సెక్షన్ అనుమతిస్తుంది. కేసు కొట్టివేస్తే, తీర్పులో కళ్లకు కనిపించే తప్పు ఉన్నప్పుడు మాత్రమే ప్రతి అందిన 30 రోజుల్లో రివ్యూ వేయాలి. మిగిలిన సందర్భాల్లో 1997 నాటి చంద్రకుమార్ తీర్పు ప్రకారం, విధానసౌధకు ఎదురుగా ఉన్న హైకోర్టు డివిజన్ బెంచ్‌లో రిట్ దాఖలు చేయాలి. దీనికి చట్టం నిర్ణీత గడువు పెట్టలేదు గానీ ఆలస్యాన్ని హైకోర్టు కూడా ప్రశ్నిస్తుంది కనుక, తీర్పు ప్రతి చేతికి వచ్చిన వారంలోనే వకీలును కలవడం మేలు.