ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? ముందు పార్కింగ్ గోడ చూడండి

తెలంగాణలో రిజిస్టరయ్యే ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించారు. ఆ తొందరలో ముందు కారు బుక్ చేసి, బండి ఇంటికొచ్చాక సాకెట్ ఎక్కడ పెట్టాలా అని తిరిగేవాళ్లున్నారు. హైదరాబాద్‌లో చాలామంది ఉండేది అపార్ట్‌మెంట్లలోనే కాబట్టి వరస మార్చుకుంటే మంచిది.

1. పార్కింగ్ దగ్గర నిలబడండి

అడ్వాన్సు కట్టకముందే మూడు సంగతులు చూడండి. మీ మీటరు నుంచి స్లాట్ ఎంత దూరం, వైరు ఏ దారిన రావాలి, వానాకాలంలో అక్కడ నీళ్లు ఎంత ఎత్తు నిలుస్తాయి. మూడోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో సెల్లార్లు మునిగాయి. పాత వాచ్‌మన్‌ని అడిగితే నీటి మరక ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తాడు. సాకెట్ దానికి బాగా పైనే ఉండాలి. బ్యాటరీకి ఐపీ67 రక్షణ ఉందని షోరూమ్‌లో చెబుతారు. అది మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచి చేసే పరీక్ష. రాత్రంతా మునిగే సెల్లార్‌కు ఆ మాట వర్తించదు.

2. ఎంత పవర్ కావాలో లెక్క వేయండి

ఊళ్లో తిరిగే మధ్యస్థం కారు యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు ఇస్తుంది. ఆఫీసుకు పోనూ రానూ నలభై కిలోమీటర్లయితే రోజుకు ఆరేడు యూనిట్లు. మామూలు 15 ఆంప్స్ పవర్ సాకెట్ దగ్గర గంటకు సుమారు 3 యూనిట్లు ఎక్కుతాయి. అంటే రెండు మూడు గంటల పని. రోజుకు డెబ్బై కిలోమీటర్ల లోపు తిరిగేవాళ్లకు ఈ సాకెట్ చాలన్నది నా అభిప్రాయం. 40 యూనిట్ల బ్యాటరీని సున్నా నుంచి నింపాలంటే మాత్రం దీంతో పదమూడు, పధ్నాలుగు గంటలు పడుతుంది. గోడకు బిగించే 7.2 కిలోవాట్ ఛార్జర్‌తో ఆరు గంటలు చాలు. కొన్ని కార్లలో కింది వేరియంట్లు 3.3 కిలోవాట్లకు మించి తీసుకోవు. డబ్బు పెట్టేముందు అది అడగండి.

3. బిల్లు, లోడు

నెలకు వెయ్యి కిలోమీటర్లంటే, ఛార్జింగ్‌లో వృథా అయ్యేదీ కలిపి 170 యూనిట్లు దాటుతుంది. ఇప్పటికే 250 యూనిట్లు కాల్చే ఇల్లు 400 దాటి పై శ్లాబుకు పోతుంది. వాహనాల ఛార్జింగ్‌కు వేరే కేటగిరీ, వేరే టారిఫ్ ఉన్నాయి. దానికింద రెండో మీటరు గిట్టుబాటవుతుందో లేదో మీ బిల్లు పక్కన పెట్టుకుని చూసుకోండి. బిల్లు మీద కాంట్రాక్ట్ లోడు, అంటే మీ ఇల్లు ఒకేసారి లాగడానికి ఒప్పుకున్న కరెంటు కూడా ఉంటుంది. 7.2 కిలోవాట్ ఛార్జర్ పెట్టుకునేవాళ్లు కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్‌లో లోడు పెంచుకోక తప్పదు. త్రీ ఫేజ్ కావాలా అన్నది సెక్షన్ ఆఫీసులో ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరు) అడగండి.

4. వైరింగ్: ఇక్కడ పిసినారితనం వద్దు

మీటరు నుంచి స్లాట్ దాకా ప్రత్యేకంగా ఒక లైను, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉండాలి. 15 ఆంప్స్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 32 ఆంప్స్ లాగే 7.2 కిలోవాట్ ఛార్జర్‌కు కనీసం 6, దూరం ఎక్కువైతే 10. షాక్ కొట్టకముందే లైను కట్ చేసే 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ బాక్సు ఊసే వద్దు. ఇస్త్రీపెట్టె అయిదు నిమిషాలు వేడెక్కి ఆగుతుంది, కారు గంటల తరబడి నిండుగా కరెంటు లాగుతుంది. మొదటి రాత్రి గంట ఛార్జ్ చేశాక ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి సాకెట్ మార్పించండి.

అసలు తలనొప్పి ఎర్తింగ్‌తో. మన ఊరు గ్రానైటు మీద ఉంది. వేసవిలో నేల ఎండిందంటే ఎర్తు బలహీనపడుతుంది, ఛార్జర్ మీద ఎర్రలైటు వెలుగుతుంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ రెండు మూడుకు మించకూడదు, మల్టీమీటరుతో కొలిపించండి. ఎక్కువ చూపిస్తే ఎర్తు గుంతలో నీళ్లు పోయించండి, అప్పటికీ తగ్గకపోతే కొత్త ఎర్త్ పిట్ వేయించండి. సాకెట్ వెనకాల ఎర్తునూ న్యూట్రల్‌నూ ముడేసి ఎర్రలైటు ఆర్పేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. అస్సలు ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీకే కరెంటు వస్తుంది.

5. అసోసియేషన్

“ఒక్కరికిస్తే అందరూ అడుగుతారండీ” అనే ప్రెసిడెంటు గారు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. కామన్ మీటరు ముట్టుకోను, సొంత మీటరు నుంచే లైను లాగుతాను అని వైరు దారి గీసిన కాగితంతో వెళ్లండి. ఇంటి దగ్గర ఛార్జింగ్‌ను కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయని కూడా రాయండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

6. రోజువారీ అలవాటు

బ్యాటరీ ఏ రకమో ముందు అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అయితే కంపెనీ మాన్యువల్ చెప్పినట్టు అప్పుడప్పుడు వంద శాతం నింపండి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) అయితే రోజూ 80 శాతం దగ్గర ఆపండి. మే నెల ఎండలో తిరిగొచ్చిన కారును కాస్త చల్లబడనిచ్చి రాత్రి పెట్టండి.

7. అదే గోడ మీద హెడ్‌లైట్లు

సెల్లార్‌లో చదునైన చోట గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలిపి, డ్రైవర్ సీట్లో ఒకరిని కూర్చోబెట్టి, లో బీమ్ వేయండి. గోడ మీద వెలుతురుకు పైన గీత గీసినట్టు అంచు కనిపిస్తుంది. హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తుకంటే ఆ గీత 10 సెంటీమీటర్ల కిందికి ఉండాలి. ఎడమవైపు కొద్దిగా పైకి లేస్తుంది, మనం ఎడమన నడుపుతాం కాబట్టి అది సరైనదే. గీత పైకుంటే సర్వీసులో సరిచేయించండి. వెనక సీట్లు, డిక్కీ నిండినప్పుడు కారు ముక్కు లేస్తుంది. స్టీరింగ్ పక్కనున్న లెవలింగ్ చక్రం అందుకే. కొన్ని కార్లలో అది దానంతటదే సర్దుకుంటుంది.

ఖరీదైన వేరియంట్లలో మ్యాట్రిక్స్ ఎల్‌ఈడీ అంటారు. 2013లో ఆడి ఏ8తో రోడ్డెక్కిన పద్ధతి ఇది. ముందద్దం పైనున్న కెమెరా ఎదురు బండిని గుర్తించి, దాని మీద పడే ఎల్‌ఈడీలను మాత్రమే ఆర్పుతుంది, మిగతా రోడ్డంతా హై బీమ్‌లోనే ఉంటుంది. ఆటో హై బీమ్ అంత నాజూకైనది కాదు, మొత్తం హై బీమ్‌నే దించుతుంది. వీధిదీపాలున్న అమీర్‌పేటలో రెండింటితోనూ పని లేదు. రాత్రిపూట సూర్యాపేట వైపు వెళ్లేవాళ్లకు బాగా ఉపయోగం. అయితే కెమెరా వెతికేది ఎదుటి దీపాలనే. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీని మీరే చూసుకోవాలి.

లైట్లు వేస్తే రేంజ్ పడిపోతుందన్న భయం అక్కర్లేదు. లో బీమ్ రెండూ కలిపి యాభై, అరవై వాట్లు, ఏసీ తీసుకునేది కిలోవాట్ పైమాటే. కారు ఆపి లైట్లు మర్చిపోతే మాత్రం ఇబ్బంది. అవి నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. అది పడిపోతే కింద పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు ఆన్ కాదు.

ఒకటి రెండు ఎల్‌ఈడీలు పోయినా చాలా కార్లలో హెడ్‌లైటు మొత్తం మార్చాలి. ప్లాస్టిక్ భాగాలకు మామూలు పాలసీ సగం తరుగు కోస్తుంది కాబట్టి ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు ఆ తరుగు కోయని జీరో డెప్ అడగండి.