కార్డ్స్ వచ్చు కానీ పాటకి వేస్తే తేడా కొడుతోందా?

కీబోర్డ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, "అన్నా, స్కేల్ వచ్చు, కార్డ్స్ వచ్చు, పాటకి వేస్తే మాత్రం తేడా కొడుతోంది" అని. ఎక్కడ తేడా కొడుతోందో చెవి పెట్టి వింటే సగం పని అయిపోయినట్టే. స్కేల్ అంటే ఏడు స్వరాల వరస, కార్డ్ అంటే అందులో మూడు స్వరాలు ఒకేసారి మోగించడం. అన్నీ సి మేజర్ (సి నుంచి మొదలయ్యే స్కేల్) మీదే చెప్తాను, అన్నీ తెల్ల కీసే కాబట్టి చూడ్డానికి ఈజీ.

సమస్య 1: సి, ఎఫ్, జి బాగున్నాయి, డి, ఇ, ఎ దగ్గర పాడైపోతోంది

మొన్న మా పక్కింటి పిల్లాడు వాళ్ళక్క పాడుతుంటే వాయిస్తున్నాడు, సి దాకా బాగుంది, డి రాగానే మధ్య వేలు నల్ల కీ మీదకి వెళ్ళింది, అంటే డి, ఎఫ్ షార్ప్ (ఎఫ్‌కి కుడిపక్క నల్ల కీ), ఎ. వాళ్ళక్క అదే చోట ఎఫ్ పాడుతోంది. ఎఫ్, ఎఫ్ షార్ప్ పక్కపక్క కీలు కదా, రెండూ ఒకేసారి మోగితే చెవికి గుచ్చుకుంటుంది, పాపం ఆ అమ్మాయి తనే అపస్వరం పాడానేమో అని ఆగిపోయింది.

కారణం: డి అంటే డి మేజరే అని బట్టీ పట్టడం. సి మేజర్ స్కేల్లో ఎఫ్ షార్ప్ అసలు లేదు, లేని స్వరం కార్డ్‌లోకి ఎలా వస్తుంది?

పరిష్కారం: స్కేల్లో ఒక స్వరం పట్టుకోండి, తర్వాతది వదిలేయండి, ఆ తర్వాతది పట్టుకోండి, మళ్ళీ ఒకటి వదిలి ఇంకోటి పట్టుకోండి, అంతే. డి నుంచి మొదలుపెడితే ఇ వదిలి ఎఫ్, జి వదిలి ఎ. మేజరా మైనరా అనేది మనం డిసైడ్ చేసేది కాదు, స్కేలే చెప్తుంది. ఇప్పుడు కీలు లెక్కపెట్టండి, నల్లవి కూడా కలిపి, డి నుంచి ఎఫ్‌కి 3, ఎఫ్ నుంచి ఎ కి 4, కాబట్టి డి మైనర్. అదే సి నుంచి ఇ కి 4, ఇ నుంచి జి కి 3, అది మేజర్. చాలామంది ఇక్కడే మొదలుపెట్టిన కీని కూడా లెక్కేసేస్తారు, అది వద్దు, సి షార్ప్ ఒకటి, డి రెండు, డి షార్ప్ మూడు, ఇ నాలుగు, ఇలా లెక్కపెట్టాలి. ఈ లెక్కలో స్కేల్లో 1, 4, 5 స్వరాల మీద కట్టిన కార్డ్స్ మేజర్ వస్తాయి, 2, 3, 6 మైనర్, ఏడోది వేరే జాతి, కింద చెప్తా. ఏ మేజర్ స్కేలైనా ఈ వరస మారదు.

సమస్య 2: సి లో బాగానే ఉంది, వేరే శృతికి వెళ్తే మొత్తం చెడిపోతోంది

పాడేవాళ్ళు రెండు శృతి అన్నారు, అంటే డి. మీరు మూడో కార్డ్ ఎఫ్, ఎ, సి వేశారు. తప్పు, డి మేజర్‌లో అది ఎఫ్ షార్ప్, ఎ, సి షార్ప్. కారణం ఏంటంటే స్కేల్ రాసుకోకుండా డైరెక్ట్‌గా కార్డ్‌లోకి దూకడం. ముందు మొదటి స్వరం నుంచి 2 2 1 2 2 2 1 అని, అంటే ఒక్కో స్వరం నుంచి తర్వాతదానికి అన్ని కీలు జరుగుతూ, లెక్కేసి ఏడు స్వరాలు కాగితం మీద పెట్టండి, ఒక్కో అక్షరం ఒక్కసారే రావాలి. అందుకే ఎఫ్ స్కేల్లో బి ఫ్లాట్ (బి కి ఎడమపక్క నల్ల కీ) అంటాం గానీ ఎ షార్ప్ అనం, అలా రాస్తే ఎ రెండుసార్లు వచ్చి బి మాయమైపోతుంది, ఇక అక్షరం వదిలి అక్షరం పట్టుకునే లెక్క తప్పుతుంది.

ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కేసి సి లోనే వాయించేయొచ్చుగా అంటారు. వాయించొచ్చు, కానీ పక్కన గిటార్ అతను ఏం కార్డ్ అని అడిగితే మీరు సి అంటారు, అతనికి వినపడేది డి. ఒంటరిగా వాయిస్తే ఓకే, గ్రూప్‌లో అయితే స్కేల్ నేర్చుకోవడమే మంచిది.

సమస్య 3: ఏడో కార్డ్ ఎలా వేసినా బాలేదు

బి, డి, ఎఫ్ షార్ప్ వేస్తున్నారేమో చూడండి, అది బి మైనర్, సి స్కేల్‌ది కాదు. అసలుది బి, డి, ఎఫ్, అంటే 3, 3, దాన్ని డిమినిష్డ్ అంటారు. దాని సౌండే అలా ఉంటుంది, నిలకడ ఉండదు, అక్కడ ఆగకూడదు, వెంటనే సి కి వచ్చేయాలి. కుదరకపోతే దాని బదులు జి సెవెంత్ (జి, బి, డి, ఎఫ్) వేయండి, అందులో బి, డి, ఎఫ్ మూడూ ఉంటాయి.

సమస్య 4: రూల్ ప్రకారమే వేశాను, అయినా ఒక్క చోట గుచ్చుకుంటోంది

ఇది మన పాటలకి బాగా వచ్చే సమస్య, పుస్తకం చూసి నేర్చుకున్నవాళ్ళు ఇక్కడ ఇరుక్కుపోతారు. మేజర్ స్కేల్ అంటే మన కర్ణాటక సంగీతంలో శంకరాభరణం స్వరాలు, 29వ మేళం (మేళం అంటే ఏడు స్వరాల మూల రాగం), సి ని స అనుకోండి. పాట కళ్యాణిలో ఉందనుకోండి, అది 65వ మేళం, అన్ని స్వరాలూ అవే, మధ్యమం ఒక్కటే ప్రతి మధ్యమం, అంటే ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్. ఇప్పుడు ఎఫ్ మేజర్ వేస్తే గుచ్చుకోక ఏం చేస్తుంది? సమస్య 1లో తప్పన్న డి, ఎఫ్ షార్ప్, ఎ ఇక్కడ కరెక్ట్, ఏడోది కూడా బి మైనర్ అయిపోతుంది. హరికాంభోజి అయితే నిషాదం తగ్గుతుంది, బి బదులు బి ఫ్లాట్, అప్పుడు జి మేజర్ కాదు, జి మైనర్.

పరిష్కారం: ముందు పాట హమ్ చేస్తూ ఒక్కో స్వరం కీబోర్డ్ మీద వెతకండి, ముఖ్యంగా మ, ని. ఏవి వచ్చాయో వాటితోనే మళ్ళీ ఒకటి వదిలి ఒకటి. గమకం (స్వరాన్ని ఊపుతూ పాడటం) గట్టిగా ఉన్న చోట నా మటుకు నేను కార్డ్ వేయను, స, ప రెండే పట్టుకుని ఉంటాను, పాడేవాళ్ళకి హాయిగా ఉంటుంది.

సమస్య 5: స్వరాలన్నీ కరెక్టే, కానీ ముద్దముద్దగా వినిపిస్తోంది, చెయ్యి గెంతుతోంది

ఎడమ చేత్తో బాగా కింద మూడు స్వరాలూ దగ్గరదగ్గరగా వేస్తే ముద్దైపోతుంది, అక్కడ సి, జి రెండు చాలు. కుడి చేత్తో సి నుంచి ఎఫ్‌కి వెళ్ళేటప్పుడు చెయ్యి మొత్తం లేపొద్దు, సి, ఇ, జి పట్టుకుని ఉన్నారు కదా, బొటనవేలు సి మీదే ఉంచి మిగతా రెండు పక్కకి జరపండి, సి, ఎఫ్, ఎ వస్తుంది, అదీ ఎఫ్ కార్డే. అక్కడి నుంచి కొంచెం కిందికి బి, డి, జి, అది జి. మళ్ళీ సి కి వచ్చేటప్పుడు పైన జి ని వదలకండి.